కాలని చెయ్యి

"నీకు కాలదు కదా, నువ్వు దించు."

తెల్లారితే కాసులమ్మ కోడలితో అనే మొదటి మాట ఇదే. పెరట్లో కట్టెల పొయ్యి మీద సలసలా మరిగే నీళ్ల గిన్నె దించడానికి ధనశ్రీ కుడిచేతికి మసిగుడ్డ ఇస్తారు, ఎడమచేతికి అక్కర్లేదట, ఆ వేళ్లకి ఎలాగూ స్పర్శ లేదు కదా.

కుష్టు. మందులు పూర్తయ్యాయి, రోగం పోయింది, ఇంక ఎవరికీ అంటదు అని డాక్టరు ఆమె మొగుడు త్రినాధరావు ముందే చెప్పాడు. అయినా ఆమెని వంటింట్లోకి రానివ్వరు, ఆమె కంచం పెరటి గోడ మీదే. కానీ అత్త చీరలు ఉతకడానికి, మామ కఫం ఉమ్మిన డబ్బా కడగడానికి, లెట్రిన్ తోమడానికి ఆ చెయ్యే కావాలి. రాత్రి మొగుడికీ కావాలి. ఆ తర్వాత లేచెళ్లి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటాడు.

మొన్న ఆదివారం చీడికాడ నుంచి ఆడపడుచు మొగుడు నానాజీ వచ్చాడు.

"బావా, ఓ తమాసా సూపిత్తాను రా," అంటూ త్రినాధరావు పొయ్యిలోంచి ఎర్రటి బొగ్గు బయటికి లాగాడు. "పట్టుకోయే."

ధనశ్రీ కదల్లేదు.

"పట్టుకుంతావా, కోర్టుకెల్లమంతావా? ఈ రోగమని సెప్తే సాలు, విడాకులు సేతిలో పెడతారు."

రోగం బయటపడ్డప్పట్నుంచీ ఆమె నోరు కట్టేసిన మాట అది. ఎడమచేత్తో పట్టుకుంది.

"ఓర్నీ, నిజంగానే కాల్లేదు బావా!" నానాజీ పడీపడీ నవ్వాడు.

కాలింది. నొప్పి తెలీలేదు, వాసన తెలిసింది. తన చర్మం మాడిన వాసన. అది ఇంకా గాల్లో ఉండగానే నానాజీ వంటింటి వైపు తిరిగి, "కోడికూర అయిపోయిందా అత్తా? ఆకలేత్తంది," అన్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో కట్టు కడుతూ నర్సు సుప్రియ మండిపడింది. "ఇలాగైతే వేళ్లు మిగలవక్కా! ఎందుకు పట్టుకున్నావ్?"

"వదిలెత్తానన్నాడమ్మా. ఈ రోగానికి కోర్టు..."

"ఏ కోర్టు? ఈ రోగం పేరు సెప్పి పెళ్లాన్ని వదిలీడానికి లేదిప్పుడు. ఆ రూలు రెండువేల పంతొమ్మిదిలోనే తీసేసేరు."

"తీసేసేరా?"

"ఎప్పుడో."

ధనశ్రీ కట్టు కట్టిన చెయ్యి పైకెత్తింది.

"అయితే అమ్మా, నేను ఆయన్ని వదిలీడానికి కోర్టులో ఈ కాలిన చెయ్యి సూపిత్తే సాలా?"