నీళ్లతో గీసిన నది

ఆ పిల్లకి వీధివాళ్లు పెట్టిన పేరు చిత్తడి. ఎక్కడ అడుగుపెడితే అక్కడ తడి. బొమ్మలు గీయడం నేర్చుకుంటోంది సరే, రంగులు మానేసి నీళ్లతో గీస్తానంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? "బట్టలుతికిన నీళ్లే కదా పిన్నీ!" అంటూ చిత్తడి పక్కింటావిడ బకెట్లు కూడా పట్టుకుపోయేది.

గీసేది నదిని. ఒకప్పుడు ఆ వీధి వీధంతా నదే. వానలు మొహం చాటేసి నది ఎండిపోయాక, దాని కడుపులోనే రోడ్డు వేసి ఇళ్లు కట్టారు. చిత్తడి తాత ఆ నది మీద నలభై ఏళ్లు పడవ నడిపినవాడు. ఇప్పుడు రెండో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, మూడేళ్లుగా కిందికి దిగడం లేదు. కాళ్లు బాగానే ఉన్నాయి. మనసే మొరాయించింది.

"నది కనిపిస్తే దిగుతాలే," అన్నాడోసారి మాటవరసకి. మనవరాలు ఆ మాటని ఉడుంపట్టు పట్టింది.

తాత పైనుంచి దారి చెప్పేవాడు. "సెలూన్ దగ్గర వంపు తిరగాలమ్మాయ్. అక్కడ ఒడ్డు మెత్తన." ఆమె కర్రకి కట్టిన పాతగుడ్డతో గీసుకుంటూ పోయేది. కిందటేడు సగం వీధి దాకా తడి నిలిచేది. ఈ ఏడు ఎండకి వంపు తిరిగేలోపే మొదలు ఆరిపోతోంది. ఏడుపొచ్చేది.

చివరికి తోటి చిత్రకారులిద్దరిని బతిమాలి తెచ్చుకుంది. ఒకడు బొగ్గుతో గీస్తాడు, ఒకతె గోడల మీద బొమ్మలేస్తుంది. ముగ్గురూ మూడు చోట్ల మొదలుపెట్టి ఎవరి నది వాళ్లు గీశారు. తీరా కలిపే చోట ఒకరిది ఎడమకి పోయింది, ఒకరిది కుడికి. తిట్టుకుంటూనే మధ్యలో ఇంత మడుగు పోసి కలిపేశారు.

తాత పగలబడి నవ్వాడు. "పర్లేదర్రా, వరదొచ్చిన ఏడు అది అలాగే పోయింది!"

నది వీధి పొడవునా మెరిసింది. ఆకాశం అందులోకి దిగింది. ఒక తెల్ల మబ్బు సెలూన్ ముందు నుంచి తేలిపోతుంటే, గడ్డం గీయించుకుంటున్నాయన సబ్బునురగతోనే మెడ తిప్పి చూశాడు. ఎక్కడో తెడ్డు చప్పుడు వినిపించినట్టే అనిపించింది చిత్తడికి. తలెత్తి చూస్తే బాల్కనీలో కుర్చీ ఖాళీగా ఉంది.

తాత మెట్లు దిగి వచ్చాడు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి, ప్యాంటు అంచులు మోకాళ్ల దాకా మడుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఎండ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. రెండు ఒడ్ల నుంచీ నది కుంచించుకుపోతోంది.

"తొందరగా రా తాతా!"

పడవవాడికి తొందరేమిటి? నీళ్లని చూడకుండా అడుగు వేయడు. పైకీ కిందికీ పారజూసి, నిదానంగా కాలెత్తాడు. ఒక్క అంగలో అవతలి ఒడ్డున ఉన్నాడు.

వెనక్కి తిరిగి ఆ జానెడు తడిని చూశాడు. కళ్లు నిండిపోయాయి.

"దీన్ని దాటడానికా అమ్మాయ్, జనం నలభై ఏళ్లు నాకోసం ఒడ్డున నిలబడింది?"

చిత్తడి గబగబా బకెట్‌లోకి చూసింది. నీళ్లైపోయాయి.