సత్తు కాని సైకిలు

నేను చేను నుంచి వచ్చేసరికి కొట్టంలో సైకిలు ఫ్రేము లేదు. పొయ్యి మీద కొత్త సత్తు గంజు ఉంది. అందులో పప్పు ఉడుకుతోంది. దాని జోడు గంజు పక్కనే బోర్లించి ఉంది.

"ఫ్రేమేది?" అన్నాను.

"ఏ ఫ్రేము?" అంది మా ఇంటావిడ ఐలవ్వ. గంటె తిప్పుతూనే ఉంది.

"సైకిల్ది."

"గా సత్తుదా? గిన్నెలోడు వచ్చిండు. పాత సామానేమన్న ఉన్నదా అన్నడు. ఇచ్చిన. రెండు గంజులు పెట్టిండు. మంచిగున్నయి గదా?"

చక్రాలు బోథ్‌లో పుల్లలు బిగించడానికి ఇచ్చి ఉన్నాను. ఫ్రేము ఒక్కటే కొట్టంలో మేకుకు వేలాడుతుండేది. రంగు లేదు, మెరుపు లేదు, బూడిద రంగు గొట్టాలు. అది ఇంటికి వచ్చిన రోజున ఐలవ్వ గోటితో కొట్టి చూసి "గిదేంది, సత్తా?" అని అడిగింది. నేను "ఊఁ" అన్నాను. మూడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి మాటలు తక్కువే వాడుతున్నాను. అన్నిసార్లూ లాభం ఉండదు.

"పోతె పోనీ," అంది ఐలవ్వ. "డెబ్బై దాటినంక సైకిలేంది నీకు? నిరుడు వాగు కాడ పడితివి. బొక్కలిరగలేదని సంబురమా? మళ్ల పడితె ఎవడు లేపాలె?"

పడింది నిజమే. కాని నేను పడలేదు. ఇనుప సైకిలు విరిగింది, దాని మీద నేను ఉన్నాను. ఎన్నో ఏళ్లు యూరియా బస్తాలు మోసిన సైకిలు అది. ఆ పొడి గొట్టాల్లోకి దిగి తుప్పు పట్టించి లోపలి నుంచి తినేసింది. పైన పచ్చ రంగు మాత్రం కొత్తదానిలా ఉండేది. వాగు దిగుతుంటే వెనక చక్రం దగ్గర చెరకు గడలా విరిగింది.

అప్పుడు నన్ను చూడటానికి అజీముద్దీన్ వచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరం కలిసి గొడ్లు కాసేవాళ్లం. తర్వాత అతను గల్ఫుకు పోయాడు. సముద్రపు నీళ్లను తాగే నీళ్లు చేసే ఫ్యాక్టరీలో గొట్టాలు అతికించే పని. ఇప్పుడు ఆసిఫాబాద్‌లో గేట్లు, కిటికీ జాలీలు వెల్డింగు చేస్తాడు. నా నడుం సంగతి అడిగి, తిన్నగా కొట్టంలోకి పోయి విరిగిన ఫ్రేము చూశాడు.

"అరే పర్శా, గిది నేను అతికియ్య. అతికిస్తె ఇంకో కాడ ఇరుగుతది. పైకి రంగు, లోపట జంగు."

"మరి?"

"నా మనవడు హారిస్‌కు అల్యూమినియంది, గదే సత్తుది, కొనిచ్చిన. తేలికనే. కని రాయెక్కితె దెబ్బ సీదా నడుముకు కొడ్తది. పోరనికి నడుస్తది, నీకు నడువది. గా నల్లటియి తొక్కుతరు సూడు హైదరాబాద్ పోరలు, కార్బనంట. దూది లెక్కుంటయి. ఒకటి నా దుకాణం ముంగటనే పటుక్కుమన్నది. ఇరిగెటప్పుడు జర చెప్పన్న చెప్పదు భాయ్."

"మరి?" అన్నాను మళ్లీ.

"సముద్రం తినలేనిది ఒకటున్నది. గదాన్నే అతికించుకుంట ముసలోన్నైన. ఫికర్ చెయ్యకు."

హైదరాబాద్ నుంచి గొట్టాలు తెప్పించాడు. టైటానియం అని పేరు చెప్పాడు. కాలినప్పుడు దానికి గాలి తగలొద్దట. లోపలా బయటా గ్యాసు నింపి, ఒక్కో అతుకు మెల్లగా వేశాడు. అతుకు వెండిలా ఉంటే సరి, నీలం తిరిగితే గాలి సోకినట్టు. ఒక అతుకు నీలం తిరిగింది. దాన్ని కోసేసి మళ్లీ వేశాడు. అప్పటికే అతని కళ్లకు పొర వస్తోంది. పని అయ్యాక ఫ్రేము నా చేతుల్లో పెట్టి, "గిదొక్కటే పర్శా. ఇంకోటి నాతోని కాదు. కండ్లు అయిపోయినయి," అన్నాడు.

"రంగు?"

"రంగెందుకు? దీనికి దాసుకునేదేం లేదు."

ఆ వానాకాలమంతా దాన్ని తొక్కాను. గుంత వస్తే గొట్టం వెదురులా కొంచెం ఊగి, మళ్లీ నిలబడినట్టు ఉండేది. నడుం నొప్పి ఉన్న సంగతి చేనుకు పోయాక గుర్తొచ్చేది. వాగు నీళ్లలో తడిసేది, యూరియా పొడి పడేది. సాయంత్రం గుడ్డతో తుడిస్తే పొద్దున ఎట్లా ఉందో అట్లాగే ఉండేది. అలాంటిది పప్పు గంజు అయిపోయింది.

తెల్లారి విరిగిన ఇనుప ఫ్రేమును భుజాన వేసుకున్నాను. ఐలవ్వ గడపలో నిలబడింది.

"ఏడికి?"

"బోథ్‌కు."

"గంజులు వాపస్ అడిగితె ఇయ్య. పొయ్యెక్కిన గిన్నె మల్లిపోదు."

"నీకే."

మా ఊరు బోథ్‌కు దగ్గరే. కాని ఇనుము మోసేవాడికి దగ్గర ఉండదు. పాత సామాను కొనే ఓంప్రకాశ్ కబాడీ దుకాణం చేరేసరికి కుడి భుజం వాచింది. గిన్నెలవాళ్లు ఊళ్లలో సేకరించిందంతా అక్కడికే వస్తుంది. ఒకడు తాడుకు అయస్కాంతం కట్టి ప్రతి సామానుకూ తగిలిస్తున్నాడు. అంటుకుంటే ఇనుము కుప్ప, లేకపోతే సత్తు కుప్ప. నా ఫ్రేము సత్తు కుప్పలో, సొట్టలు పడ్డ తపేలాల మధ్య ఉంది.

"గది నాది," అన్నాను. "గీ ఇనుము తీస్కొని గది ఇయ్యి."

ఓంప్రకాశ్ ఇనుప ఫ్రేమును చేత్తో లేపి చూశాడు. "తీస్కపో కాకా. బరువు నాకే ఎక్కువొస్తది."

కుప్పలోంచి నా ఫ్రేము తీసుకున్నాను. అప్పుడే వచ్చేయాల్సింది. వెనక నుంచి ఓంప్రకాశ్ నవ్వాడు.

"కని ఒక మాట కాకా. గీ సత్తు ముక్క కోసం గంత ఇనుము మోసుకొచ్చినవా? ఎవడు చేసిచ్చిండు నీకు? సత్తు గొట్టాలు అంటువెట్టి సైకిలని అప్పజెప్పిండు. మంచిగ టోపీ వెట్టిండు!"

సామాను తూయించడానికి వచ్చిన బండ్లవాళ్లు కూడా నవ్వారు. నన్ను అంటే పట్టించుకునేవాణ్ణి కాదు. పొర కమ్మిన కళ్లతో అజీముద్దీన్ అతుకు మీదికి వంగడం నేను చూశాను.

"సత్తు కాదు," అన్నాను.

"మరి బంగారమా?"

"మిషన్ పెట్టి చూడు."

సీటు బిగించే గొట్టం కొస చూపించాను. ఓంప్రకాశ్ నవ్వుతూనే కోసే మిషన్ తెచ్చి అక్కడ ఆనించాడు. సత్తు అయితే నిప్పు రాలదు. దీంట్లోంచి తెల్లటి రవ్వలు కాకరపువ్వొత్తిలా చిమ్మాయి. అందరి నవ్వూ ఆగింది. ఓంప్రకాశ్ మిషన్ ఆపి, ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని తీసుకుపోయి లోపల తన కుర్చీ వెనక పెట్టుకున్నాడు.

"గిది ఇయ్య కాకా. గంజులిచ్చి తీస్కున్న. బేరం బేరమే. నీ ఇనుము నువ్వు తీస్కపో."

న్యాయం అతని వైపే ఉందేమో. నేను న్యాయం కోసం పోలేదు. సైకిలు కోసం పోయాను.

సామాను తూచే కాంటా దుకాణం వాకిట్లోనే ఉంది. పెద్ద ఇనుప పలక. దాని మీద కూర్చున్నాను.

"లే కాకా. బండ్లు తూయాలె."

పలక మధ్యకు జరిగాను.

"కాయ్ బాబా, ఏందిది! ముసలోడని ఊకుంటున్న. పోలీసులను పిలుస్త."

కాళ్లు చాపుకున్నాను.

ఒక బండి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. "సేఠ్, తాతది ఏం రేటు వెడ్తున్నవ్? ఇనుమా, సత్తా?" అన్నాడు ఒక బండివాడు. "అయస్కాంతం వెట్టి సూడుండ్రి!" అన్నాడు ఇంకొకడు. నిజంగానే పెట్టారు. అది నా భుజానికి తగిలి జారిపోయింది. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వినంత మాత్రాన కాంటా ఖాళీ కాదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి బండ్లు రోడ్డు దాకా ఆగాయి.

ఓంప్రకాశ్ మా ఇంటికి మనిషిని పంపాడు. ఐలవ్వ నెత్తి మీద సత్తు గంజు పెట్టుకొని వచ్చింది. అందులో నా అన్నం ఉందని నాకు తెలుసు.

"అవ్వా, నువ్వన్న జర సమజ్ చెయ్యి. పొద్దటి సంది పరేషాన్ చేస్తుండు," అన్నాడు ఓంప్రకాశ్.

ఐలవ్వ నా ముందు నిలబడింది. "లే. పోయిందాని కోసం గిట్ల నలుగురి ముంగట కూసుంటవా? ఇజ్జత్ పోతున్నది. సైకిలు లేకుంటె సచ్చిపోతవా?"

నేను లేవలేదు. తనకు తోడు దొరికిందని ఓంప్రకాశ్‌కు హుషారు వచ్చింది.

"గట్ల చెప్పవ్వా! కాటికి కాళ్లు సాపినోనికి సైకిలెందుకు? ఆడిదాక తొక్కుకుంటనే పోతడా ఏంది?"

బండ్లవాళ్లు నవ్వారు. ఐలవ్వ నవ్వలేదు. గంజు కింద పెట్టి అతని వైపు తిరిగింది.

"ఏమన్నవ్?"

"ఊకెనే అన్న అవ్వా, నవ్వులాటకు."

"నేనంట. ఈనికి వండిపెట్టి వండిపెట్టి నా చేతులరిగినయి, నేనంట. నువ్వెవనివిరా అననీకి? ఈని కాళ్లు యాడున్నయో నేను సూసుకుంట. నీయి యాడ సాపుతవో నువ్వు సూస్కో."

వచ్చి కాంటా మీద నా పక్కన కూర్చుంది. ముల్లు ఇంకాస్త ముందుకు జరిగింది. గంజు మూత తీసి జొన్నరొట్టె మీద పప్పు వేసింది.

"తిను. తిని మంచిగ కూసో. పొద్దూకినా లేవకు. నాకు ఇంట్ల ఏం పని లే."

ఇద్దరం తిన్నాం. పప్పులో ఉప్పు తగ్గింది. చెప్పలేదు.

మొదటి బండివాడు చూసి చూసి, "సేఠ్, నేను అవుతలి దుకాణానికి కొట్టుకపోత," అని బండి తిప్పాడు. రెండోవాడూ తిప్పాడు. మూడోవాడు బండి తిప్పబోగానే ఓంప్రకాశ్ లోపలికి పోయి ఫ్రేము తెచ్చి ఐలవ్వ ముందు పెట్టాడు.

"తీస్కపోండ్రి. మీ ఇద్దరితోని నాతోని గాదు. ఇనుము మాత్రం నాది."

"నీదే," అన్నాను.

ఫ్రేమును ఎడమ భుజాన వేసుకోబోయి, కావాలనే వాచిన కుడి భుజాన వేసుకున్నాను. ఏమీ అనిపించలేదు, అంత తేలిక. కోసిన కొస దగ్గర గీత ఒకటి మెరుస్తోంది. అజీముద్దీన్ చూస్తే తిడతాడు. తిట్టనీ.

దారిలో ఐలవ్వ గోటితో ఫ్రేము మీద కొట్టింది.

"సత్తు కాకుంటె ఏంది మరి గిది?"

"టైటానియం."

"నాకు నోరు తిరుగది. నేను సత్తే అంట."

"అను."

కొంత దూరం నడిచాం.

"రంగన్న ఎయ్యి. ఇంకోడు సత్తనుకోకుంట ఉంటడు."

"వద్దు."

"ఎందుకు?"

"దీనికి దాసుకునేదేం లేదు."

నా నోట అంత పొడుగు మాట వచ్చినందుకు ఆమె ఆగి నన్ను చూసింది.

"మళ్ల పడితె?"

"లేస్త."

ఐలవ్వ మళ్లీ నడిచింది. మా ఊరి మలుపు దగ్గర నెత్తి మీది గంజు సర్దుకుంది.

"గా అజీముద్దీన్‌కు చెప్పు, ఎనక క్యారియర్ పెట్టుమని. గట్టిగ పెట్టుమను. నేను కూసొని బోథ్‌కు వస్త. గా కబాడోని ముంగట్నుంచే పోనియ్యి. ఎవడు నవ్వుతడో సూస్త."