రుద్దుడు గది

దేవశీ పనిచేసే బల్ల దగ్గరే నెత్తురు కక్కుకున్నాడు. బట్టీలో ఇంకా కాల్చని తెల్ల పింగాణీ బేసిన్ ఎర్రబడింది. ముందు గేటు దగ్గర సరుకు కొనే వ్యాపారులు దిగుతున్నారని కంపెనీ యజమాని వ్రజలాల్ శేఠ్ అతణ్ని గోనెపట్టా మీద వెనక గేటు నుంచి మోయించాడు. బేసిన్‌ని మాత్రం జాగ్రత్తగా తుడిపించాడు. పన్నెండో రోజున దేవశీ పోయాడు. జన్మలో బీడీ ముట్టని ఆ మనిషి బీడీలు తాగి క్షయతో పోయాడని కంపెనీ డాక్టరు రాసిచ్చాడు.

ఆ కాగితం చేతికొచ్చిన రోజు నుంచి అతని భార్య కంకుబెన్ రగిలిపోతూనే ఉంది. పింగాణీ కంపెనీలే ఉన్న థాన్‌గఢ్‌లో వేరే పనేముంది? మొగుడి బల్ల దగ్గరే, ఆ రుద్దుడు గదిలోనే చేరింది. ఆరిన బేసిన్లనూ కమోడ్లనూ గరుకు కాగితంతో నునుపు చెయ్యాలి. రుద్దితే లేచేది మట్టీ పలుగురాయీ కలిసిన పొడి. దాన్ని బయటికి లాగే ఫ్యాను రెండేళ్లుగా తిరగడం లేదు. తనిఖీ రోజున శేఠ్ పని ఆపించి, గదంతా నీళ్లు చల్లించి, దుమ్మెక్కడుందో చూపించమని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుతో నవ్వేవాడు.

టీ కొట్టు దగ్గర కార్మికులు గుమిగూడారు. బట్టీ కాల్చే ఉకాభాయ్ సాసర్ పైకెత్తాడు.

"ఇదీ మన పనే. కరెంటు స్తంభం మీది పింగాణీ బుడిపె కూడా మన పనే. కోబాల్టు కలిపితే నీలం, ఇనుప తుప్పు కలిపితే ఎరుపు, జిర్కాన్ పూస్తే పాలతెలుపు. లోకానికి రంగులు, మనకి ఊపిరితిత్తుల్లో రాయి. ఆ జబ్బుని సిలికోసిస్ అంటారు. మన డాక్టరుకి మాత్రం ఆ పేరు నోరు తిరగదు."

"సరుకంతా పగలగొడదాం," అన్నాడు అచ్చులు పోసే జేఠో.

"మళ్లీ చేసేది ఎవరు, నీ అత్తగారా?" అంది కంకుబెన్. "నాకు బేసిన్లొద్దు. శేఠ్ కావాలి. నా బల్ల దగ్గర, ఒక్క పూట."

"చంపుతావా బెన్?" అన్నాడు జేఠో.

"పని చేస్తాను. ఆయన చూస్తాడు."

తనిఖీ రోజున శేఠ్ ఇన్‌స్పెక్టరుని వెంటబెట్టుకొచ్చాడు. గదిలో నేల పొడిగా ఉంది. నీళ్లు చల్లాల్సిన ఆడవాళ్లు బల్లల దగ్గర నిలబడి ఉన్నారు. ఇద్దరూ లోపలికి రాగానే తలుపు మూసి బయట మూడు వందల మంది కార్మికులు బైఠాయించారు.

"కూర్చో శేఠ్. దుమ్ము లేదుగా," అని కంకుబెన్ పీట తోసింది.

నలభై చేతులు రుద్దడం మొదలుపెట్టాయి. పావుగంటకి ఎదుటి మనిషి కనబడలేదు. శేఠ్ జేబురుమాలు తీశాడు. కంకుబెన్ లాక్కుంది.

"దేవశీకి ఇచ్చావా ఇది?"

ఆమెకూ దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అయినా చెయ్యి ఆపలేదు. శేఠ్ దగ్గిన ప్రతిసారీ ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మూడు గంటలు గడిచాక అతను తలుపు మీద పడి బాదాడు.

"తియ్యండ్రా. ఈ దుమ్ముకి చచ్చిపోతాను."

చేతులన్నీ ఆగాయి.

"విన్నారా సార్? రాసుకోండి," అంది కంకుబెన్. ఇన్‌స్పెక్టరు ముక్కు మూసుకుని తల దించుకున్నాడు. ఒక్క ముక్క రాయలేదు.

పోలీసులు ముక్కులకి గుడ్డలు కట్టుకొచ్చి కంకుబెన్‌నీ ఉకాభాయ్‌నీ వ్యానెక్కించారు. మిగతావాళ్లు పొడి కొట్టుకున్న మొహాలతోనే స్టేషన్ దాకా వెంట నడిచారు. అక్కడ పోలీసు జమాదారు కేసు చదివి వినిపించాడు.

"ప్రాణాలు తీసే రాతి దుమ్మును మూడు గంటలు పీల్పించి వ్రజలాల్ శేఠ్‌ను హత్య చెయ్యబోయారు. కంపెనీ డాక్టరు ధ్రువీకరించారు."

"డాక్టరు సంతకం ఉందా సాబ్?" అంది కంకుబెన్.

"ఉంది."

"మూడు గంటలు పీలిస్తే హత్యాయత్నమా?"

"మరేమనుకున్నావు?"

"మా ఆయన పదకొండేళ్లు పీల్చాడు. దాన్నేమంటారు?"

ఉకాభాయ్ కిటికీ దగ్గరికెళ్లి ఆ దుమ్ము చంపుతుందని డాక్టరు సంతకం పెట్టిన మాట బయటివాళ్లకి గట్టిగా చెప్పాడు. తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే వరండా ఎక్కి వరసలో నిలబడ్డారు. మొగుణ్ని పోగొట్టుకున్నవాళ్లు, కొడుకుని పోగొట్టుకున్నవాళ్లు, ఇరవై ఆరు మంది.

కంకుబెన్ బల్ల మీది కలం తీసి జమాదారు చేతిలో పెట్టింది.

"ముందు నాది రాయండి. చచ్చినవాడు దేవశీ. చంపినవాడు వ్రజలాల్."