ఆవిడ ఎలా నడుస్తోంది?

సాయంత్రం క్లాసుకు టీ నేనే పెట్టాలి. మా ముందుగదిలో మా ఆయన స్పోకెన్ ఇంగ్లీషు చెబుతారు. నర్సులు, సేల్స్‌మెన్లు, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళు వస్తారు. వాళ్ళు రాకముందే కుర్చీలు వేసి, బోర్డు తుడవాలి. వెళ్ళాక కప్పులు కడగాలి. లోపలి గుమ్మంలో కూర్చునే మా అత్తగారికి పాఠం ఒక్క ముక్క అర్థం కాదు. అయినా కొడుకు నవ్వినప్పుడల్లా నవ్వుతారు.

ఆ రోజు పాఠం యాడ్వర్బులు, అంటే క్రియావిశేషణాలు. "షీ వాక్స్ స్లోలీ అని ఎల్‌కేజీ పిల్లలు రాస్తారు," అంటున్నారాయన. "సరైన క్రియ దొరికితే స్లోలీతో పని లేదు." అప్పుడే నేను ట్రేతో గదిలోకి వచ్చాను.

"అదిగో, లైవ్ ఎగ్జాంపుల్! ట్రే అక్కడ పెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకి నడు."

"పొయ్యి మీద పాలున్నాయండీ."

"పొంగితే నువ్వే తుడుస్తావుగా. నడు."

నడిచాను. మేడమెట్ల మీద పడినప్పటి నుంచి నా ఎడమ మోకాలు వంగదు.

"చెప్పండి, ఆవిడ ఎలా నడుస్తోంది?"

"షఫుల్స్, సార్?"

"అది రెండు కాళ్ళూ ఈడ్చేవాళ్ళకి. ఇదిగో, మళ్ళీ నడు. వాళ్ళకి కనపడేలా చీర కాస్త పైకి పట్టుకో."

పట్టుకున్నాను. వెనకనుంచి ఎవరో "వాడిల్స్" అని, బాతులా భుజాలు ఊపి చూపించారు. గది గొల్లుమంది. అత్తగారైతే కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వారు. చివరికి ముందు వరసలోని నర్సు తలెత్తకుండా "లింప్స్" అంది.

"ఎక్సలెంట్! షీ లింప్స్. కుంటుతోంది. ఒక్క మాటతో సరి. అందరూ ఆవిడ మీద ఐదు వాక్యాలు రాయండి."

అందరూ రాయడం మొదలుపెట్టారు. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని గోడ పక్కన అలాగే నిలబడ్డాను. ఈ ఇంటివాళ్ళ లెక్కలో నేను బద్ధకంగా లేస్తాను, అడ్డదిడ్డంగా ఊడుస్తాను, మొండిగా చూస్తాను. మీ ఆవిడేం చేస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం, ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది అంటారాయన. నేను పడిన ఆ మధ్యాహ్నం, ఇస్త్రీ చొక్కా తడిసిందని మెట్ల మీద ఏం జరిగిందో నాకు తెలుసు. ఆస్పత్రిలో నేను నోరు తెరవకముందే, కాలు జారిందండీ అని డాక్టరుతో అన్నారాయన. కళ్ళు నెత్తికెక్కితే జారదా మరి, అన్నారు అత్తగారు. నా కాలు గురించి నన్నెవరూ అడగలేదు. ఇవాళ ఇంతమంది నా కాలు చూసి రాస్తున్నారు. ఎందుకు కుంటుతోందని వీళ్ళలోనూ ఎవరూ అడగలేదు.

"నాదీ ఒక వాక్యం ఉంది," అన్నాను. "మీ సారు నన్ను మెట్ల మీంచి తోశారు. దానికి సరైన మాటేమిటో చెప్పండి."

"కాలు జారింది దానికి!" గుమ్మంలోంచి అత్తగారు అరిచారు.

ఇదీ పాఠమే అనుకున్నాడేమో, ఒక సేల్స్‌మన్ ఉత్సాహంగా చెయ్యెత్తాడు. "షవ్డ్, సార్?"

"నో, నో," అన్నాడు మా ఆయన, సుద్దముక్క గాల్లో ఆడిస్తూ. "షవ్ అంటే బలంగా తొయ్యడం. నేనంత గట్టిగా తొయ్యలేదు. పుష్డ్ చాలు."

ఆ మాట నోటినుంచి వచ్చాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. సుద్దముక్క గాల్లోనే ఆగిపోయింది. అత్తగారికి ఇంగ్లీషు రాదు గాని, కొడుకు చెప్పింది తెలుగులోనే. ఈసారి ఆవిడ నవ్వలేదు.

నర్సు పెన్ను మూసి లేచింది. "అక్కా, స్టేషనుకి వెళ్దామంటే నేనొస్తాను. సార్ అన్నది మేమంతా విన్నాం."

మిగతావాళ్ళు తలలు దించుకుని, నా మీద రాస్తున్న వాక్యాలు పూర్తి చేసుకోవడంలో పడ్డారు. ఒకాయన చెయ్యి చాపి టీ కప్పు అందుకున్నాడు.

"నువ్వొక్కదానివి విన్నావు, అది చాలు. పద," అని చెప్పులు వేసుకున్నాను.