కడిగిన కసువు

ప్రొద్దుటూరులో చర్చి వెనక ఉన్న చిన్నపిల్లల బడి వరండాలో సుగుణమ్మ ఈ వారమంతా కూర్చునే ఉంది. లోపలున్న మనవడు శరత్‌కు కిటికీలోంచి జేజి చీరకొంగు కనిపిస్తూ ఉండాలి. కనిపించకపోతే ఏడుపు.

కోడలు శ్రీవాణి సోమవారం జమ్మలమడుగులో బ్యాంకు ఉద్యోగంలో చేరాలి. సుగుణమ్మ తమ బంగారు అంగట్లో కూర్చోక తప్పదు. పిల్లవాడు బడిలో నిలవకపోతే ఉద్యోగం వదులుకుంటానని శ్రీవాణి అనేసింది.

"ఈ పొద్దు మీరు పోవల్లమ్మా, వాడు ఏడ్చినా సరే," అంది సలోమి టీచర్.

"ఏడిస్తే ఎత్తుకొని ఇంటికి పోతా. మళ్లా పంపను," అంది సుగుణమ్మ.

ఆ మాటలో బెదిరింపు ఎంతో, ఆశ ఎంతో ఆమెకే తెలియలేదు.

లోపల ప్రార్థన ముగిసింది. ఎండ కిటికీలోంచి ఏటవాలుగా దిగి, గదిలో దుమ్మును మెల్లగా తిప్పుతోంది. సుగుణమ్మ కళ్లు మూతలు పడుతున్నాయి. సగం నిద్రలో ఆ గది నీళ్లడుగున ఉన్నట్టూ, పిల్లలు చేపల్లా కదులుతున్నట్టూ అనిపించింది. టీచర్ పొట్టి చీపుళ్లు పంచింది. ఇన్నాళ్లూ దేన్నీ ముట్టని శరత్ చెయ్యి చాచి ఒకటి తీసుకున్నాడు.

వాడు అందరిలా ఊడ్వలేదు. గోడ మూలల నుంచి, చాప కింది నుంచి దుమ్మును కొంచెం కొంచెంగా లాగి నడుమ కుప్ప చేశాడు. తర్వాత దాని పక్కనే గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

టీచర్ వచ్చి కుప్పను చేటలోకి ఎత్తబోయింది. వాడు దాని మీద బోర్లా పడి గట్టిగా ఏడ్చాడు.

సుగుణమ్మకు మత్తు వదిలింది. చెప్పులతోనే లోపలికి పరిగెత్తింది.

"ఏందిరా నాయనా?"

"కసువు పారేస్తాంది జేజీ!"

ఆమెకు నవ్వొచ్చింది. "మా అంగట్లో ఊడ్చిన కసువు పారెయ్యం టీచరమ్మా. పని చేసేటప్పుడు రాలిన బంగారు రజను అందులో ఉంటాది. వాళ్ల తాత మూటకట్టి పెడితే మట్టి కడిగేవాళ్లు కొనుక్కొని పోయి, కడిగి బంగారం తీసుకుంటారు. వీనికి ఊడ్చడమంటే అదే."

ఇక ఎత్తుకుందామని ఆమె వంగింది.

సలోమి టీచర్ చేట కింద పెట్టింది. "అయితే మనమూ కడుగుదామా శరత్?"

పెరట్లోకి నీళ్ల బేసిన్ వచ్చింది. పిల్లలు చుట్టూ మూగారు. పెన్సిల్ పొట్టు తేలింది, ఇసుక మునిగింది. బిస్కెట్ ముక్క ఉబ్బి మెత్తబడి మాయమైంది. ఒకడు చేతులు జోడించి, "కసువుకు స్తోత్రం," అన్నాడు. టీచర్ నవ్వాపుకొని, "ఆమేన్," అంది.

"బంగారం యాడ? అబద్ధాలోడా!" అంది దిల్షాద్ అనే పిల్ల.

"ఇంగా కడగల్ల. తొందరపడితే నీళ్లతో పోతాది," అన్నాడు శరత్ పెద్దమనిషిలా. వారంలో వాడు సాటి పిల్లలతో ఆడిన మొదటి మాట అదే.

సుగుణమ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది. "నేను పోతాండా నాయనా," అంది. తనకే వినపడనంత మెల్లగా అన్నానేమో అనుకుని మళ్లీ అంది.

వాడు తలెత్తలేదు. "పక్కకు పో జేజీ, నీ నీడ పడతాంది. లోపల కనపల్లేదు."

ఆమె జరిగింది. ఎండ బేసిన్ అడుగుదాకా దిగింది. పిల్లలంతా ఒక్కసారి, "ఓ!" అన్నారు. ఏం కనిపించిందో చూడాలనిపించినా ఆమె వెనక్కి తిరగకుండా గేటు దాటింది. కాళ్లు తేలికగా, తనవి కానట్టుగా నడిచాయి. రోడ్డు మలుపులో ఆగి చెవి ఒగ్గింది. ఎవరూ పిలవలేదు.

ఫోన్ తీసి కోడలితో, "సోమవారం నువ్వు పో శ్రీవాణీ," అంది.

"వాడు ఏడ్చలేదా అత్తా?"

"ఏడ్చినాడు. నా కోసం కాదులే."