వీపు మీద పేరు

నేను ఒక డబ్బా టీవీని. నా కథ చెప్పే ముందు మా ఇంటాయన మీద ఒక ఫిర్యాదు ఉంది. అది కక్కితే గానీ నాకు బొమ్మ రాదు.

దక్షిణామూర్తిగారు రైల్వే రిజర్వేషన్ కౌంటరులో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కిటికీ అవతలివాళ్లకి ఆయన చెప్పింది ఒకటే: ముందుగా రాయించుకోలేదా, అయితే పక్కకి జరగండి. అలాంటి మనిషి తన వంతు వచ్చేసరికి ఎక్కడికీ ముందుగా చెప్పి వెళ్లరు. చుట్టాల ఇళ్లకి సరిగ్గా విస్తళ్లు వేసే వేళకి ఊడిపడతారు. డాక్టరు దగ్గర, చీటీలు పట్టుకుని కూర్చున్న జనాన్ని దాటుకుని వెళ్లి, ఒక్క మాట అడిగి వచ్చేస్తానంటారు. ఆ ఒక్క మాట బీపీ చూపించుకుని, మందులు రాయించుకునే దాకా సాగుతుంది. ఈ అలవాటు వల్లే నేను నడిబజార్లో తల దించుకోవలసి వచ్చింది. డబ్బా టీవీకి తల దించుకునే వీలు లేదు. అదొక కష్టం.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నాలాంటివాళ్లం వరసగా కదిలిపోతుంటే ఒక్కొక్కరు ఒక్కొక్క స్క్రూ బిగించారు. చివర ఒకాయన నా మొహంలో రంగుల చారలు చూసి, తృప్తిగా తలాడించి అట్టపెట్టెలో పెట్టాడు. ఆ తర్వాత నా తల మీద కొట్టకుండా తృప్తిపడ్డ మనిషిని నేను చూడలేదు.

నన్ను కొన్నది గవర్రాజుగారు. మూర్తిగారి భార్య హైమవతమ్మకి స్వయానా అన్నయ్య. మెయిన్ బజార్లో స్టీలు సామాన్ల కొట్టు ఆయనది. చెల్లెలి గృహప్రవేశానికి నన్ను కానుకగా ఇద్దామనుకున్నారు. కొట్లో గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను ఉంది. పేరు కొట్టకుండా గరిటె కూడా గడప దాటించని మనిషి, తన గొడుగు పిడికి సైతం రేకు చుట్టి పేరు కొట్టుకున్న మనిషి, నన్ను ఊరికే వదులుతారా? ఒక స్టీలు రేకు తీసుకుని 'గవర్రాజు స్టీల్ హౌస్, మెయిన్ బజారు' అని కొట్టి నా వీపుకి బిగించారు. కొట్టు పేరూ, బజారు పేరూ పట్టేసరికి చెల్లెలి పేరుకి చోటు మిగల్లేదు. కానుక అన్న మాటకీ మిగల్లేదు.

నన్ను హాల్లో గోడకి చేరేశారు. దాంతో నా వీపు సంగతి లోకానికి తెలియకుండా పోయింది. పండగ పండగకీ తడిగుడ్డతో తుడిచే హైమవతమ్మకి తెలుసు. దుమ్ము దులపడం తన శాఖ కాదనుకునే మూర్తిగారికి తెలియదు.

చాలా ఏళ్లు బాగానే బతికాను. నా నెత్తి మీద కుట్టుపని గుడ్డ, దాని మీద గాజు హంసల జంట. వార్తల్లో పెద్దవాళ్లని మూర్తిగారు తిడుతుంటే ఆ తిట్లన్నీ నా మొహం మీదే పడేవి. తర్వాత నాకు పచ్చ రంగు ఎక్కువైంది. అందరూ కామెర్లు వచ్చినవాళ్లలా కనపడేవారు. ఒకరోజు గోడకి పల్చటి కొత్త టీవీ తగిలించారు. నన్ను వెనక గదిలోకి నెట్టి, నా మీద ఇస్త్రీకి వెళ్లే బట్టలు పడేశారు. నాకు సిగ్గేసింది గానీ, ఇంట్లో సిగ్గు కదా, సర్దుకున్నాను.

పాత సామాన్ల బండతను డబ్బా టీవీ ఊరికే ఇచ్చినా వద్దన్నాడు. అప్పుడు హైమవతమ్మ, మునిసిపాలిటీ రీసైక్లింగ్ సెంటరులో తీసుకుంటారనీ, ఫోన్లో తేదీ, టైము బుక్ చేసుకుని వెళితే సరిపోతుందనీ చెప్పింది. మూర్తిగారు పేపరు దించారు.

"చెత్త పారెయ్యడానికి కూడా రిజర్వేషనా?"

"తిరపతి దర్శనానికి టైము తీసుకునే కదండీ వెళ్లాం."

"ఆయన దేవుడు."

"అంత దేవుడే టైము ఇచ్చి రమ్మంటుంటే, ఈ సెంటరువాళ్లు ఎంతండీ పాపం," అంది హైమవతమ్మ, వంకాయ ముచ్చిక కోస్తూ.

ఆయన పంతం వెనక సంగతి నాకు తెలుసు. ఉద్యోగం చివరి రోజుల్లో జనమంతా ఫోన్లలో టికెట్లు కొనుక్కుని, ఆయన కిటికీ ముందుకి రావడం మానేశారు. సాయంత్రం ఇంటికొచ్చి నా ముందు కూర్చుని, ఇవాళ కూడా ఎవరూ రాలేదే అని ఒక్కోసారి నాకే చెప్పేవారు. అంచేత ఫోన్లో బుకింగ్ అంటే ఆయనకి ఒళ్లు మండుతుంది. నాకు ఆయనంటే జాలే. కానీ జాలి వేరు, ఆటోలో కుదుపులు వేరు.

హైమవతమ్మ పేరంటానికి వెళ్లిన పూట చూసి, నన్ను ఆటో ఎక్కించారు. సెంటరు గేటు దగ్గర ఒక చిన్న కిటికీ, అందులో ఒక అమ్మాయి. స్లాటు ఉందా అని అడిగింది. లేదన్నారు ఈయన. ఈ పూటకి స్లాట్లు నిండిపోయాయనీ, ఫోను ఇస్తే రేపటికి తనే బుక్ చేసి పెడతాననీ చెప్పింది. అంత మర్యాద ఆయన తన కిటికీలోంచి ఎవరికీ చేసి ఉండరు.

"లైనే లేదు కదమ్మా. ఖాళీగా పెట్టుకుని స్లాట్లంటావేంటి?"

"స్లాట్లుండబట్టే లైను లేదండి. ఇదివరకు బళ్లు రోడ్డు చివరి దాకా ఆగిపోయేవి. ఇప్పుడు ఏం వస్తందో ముందే తెలుస్తంది, దించుకోడానికి మనుషులుంటారు. మీ టీవీలో గాజు పగిలితే ప్రమాదం, దానికి వేరే చోటు సిద్ధం చెయ్యాలి."

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఆయన గట్టిగా అరిచారు. లోపల చెత్త ఆటోలు నడిపేవాళ్లు తిరిగి చూశారు. అందరి ముందూ వచ్చిన ఆటోలోనే వెనక్కి తిరిగాను.

దారిలో ఆటో అతను తనకి వేరే బేరం ఉందని తొందర పెట్టాడు. స్కూలు వెనక ఖాళీ స్థలం కనపడింది. మిట్టమధ్యాహ్నం, వీధిలో మనిషి లేడు. నన్ను అక్కడ దింపించి, మూర్తిగారు ఒక్క క్షణం నిలబడ్డారు. ఎవరైనా గుర్తుపడతారేమోనని నా మొహాన్ని గోడ వైపుకి తిప్పారు. ఇన్నేళ్లూ గోడ చాటునున్న వీపు రోడ్డు వైపుకి తిరిగింది. మధ్యాహ్నపు ఎండలో ఆ స్టీలు రేకు ఎంత తళతళలాడిందో నేను చెప్పనక్కర్లేదు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు, రేకు చదివాడు, ఫొటో తీశాడు. అడ్రసు కూడా వెతుక్కోనక్కర లేకపోయింది. నన్ను చెత్త బండిలో వేసుకుని తిన్నగా గవర్రాజుగారి కొట్టు ముందు దింపాడు.

అసలు సిగ్గు ఇక్కడ మొదలవుతుంది. ఆ ఊళ్లో చెత్త బండి మైకులో పొద్దున్నే వినపడే గొంతు గవర్రాజుగారిదే. 'అయ్యా, అమ్మా, చెత్తని ఖాళీ స్థలాల్లో వెయ్యకండి, మన వీధి మన ఇల్లు' అని ఎంతో మురిపెంగా రికార్డు చేయించుకున్నారు. బండి తన కొట్టు ముందుకి రాగానే బేరం ఆపి మరీ వినేవారు. ఇప్పుడు అదే బండిలోంచి నేను దిగాను, ఆ మైకు మోగుతుండగానే.

కొట్టు నిండా బిందెలు, గంగాళాలు, పళ్లేలు. ఎటు చూసినా నేనే. ఒక్కో బిందెలో ఒక్కో వంకరలో, మసి మొహంతో, వీపు మీద ఆయన పేరుతో. ఇన్‌స్పెక్టరు ఈ టీవీ మీదేనా అని అడిగాడు. గవర్రాజుగారు వంగి రేకు చూశారు. బొటనవేలితో అక్షరాలని ఒకసారి నిమిరారు. ఆయనకి అర్థమైపోయిందని నాకు తెలిసింది. చెల్లెలికి ఇచ్చానని ఒక్క ముక్క అంటే ఆయన బయటపడిపోయేవారు.

"నాదేనండి," అన్నారు.

జరిమానా కట్టారు. ఫొటో వార్డు వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. ఎదుటి కొట్టాయన పనివాళ్లతో, మన వీధి మన ఇల్లు అంటే గవర్రాజుగారు ఇలా అర్థం చేసుకున్నారన్నమాట అన్నాడు. వారం తిరక్కుండా బండి మైకులో గొంతు మారింది. ఎవరిదో ఆడగొంతు, బాగానే ఉంది. ఆ పొద్దున బండి వస్తున్న చప్పుడు వినగానే గవర్రాజుగారు లెక్కబల్ల వదిలి కొట్టు లోపలికి వెళ్లిపోయారు. పేర్లు కొట్టే మిషను ఆ రోజంతా మూగగా ఉంది. నేను మెట్టు మీద కూర్చుని, నా వీపు నా సొంతమైతే ఎంత బాగుండేదా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే హైమవతమ్మ వచ్చింది. గ్రూపులో ఫొటో చూసి పోల్చుకుందట. ఇంట్లో మూర్తిగారు నన్ను సెంటరువాళ్లు తీసుకున్నారనీ, మెచ్చుకున్నారని కూడా చెప్పారట. ఆవిడ నన్ను కాసేపు చూసి, కొంగుతో నా నెత్తి మీది దుమ్ము తుడిచింది. నా బతుకులో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

"చెల్లికిచ్చానని ఒక్క మాట చెప్పలేకపోయావా అన్నయ్యా?"

"చెబితే బావగారి పేరు బజార్లో పడదా అమ్మా. నా పేరంటావా, ఎలాగూ రేకు మీద ఉంది కదా."

ఆవిడ నవ్వబోయి నవ్వలేకపోయింది. స్టూలు మీద కూర్చుని ఫోను తీసింది. వస్తువు: పాత టీవీ. పేరు: దక్షిణామూర్తి. ఫోను నంబరు: ఆయనదే. శనివారం పొద్దున్న ఖాళీ ఉంది. గవర్రాజుగారి భార్య ఇచ్చిన టీ చల్లారే లోపల నా ప్రయాణం ఖాయమైంది. ఇన్ని అవమానాలు తప్పడానికి కావలసిందల్లా ఆ కాస్త పని. ఇంట్లో పేపరు చదువుకుంటున్న మూర్తిగారి ఫోనుకి మెసేజీ వెళ్లి ఉంటుంది: మీ పాత టీవీని శనివారం తీసుకురండి.

ఆయన ఇంట్లో ఏమన్నారో నాకు తెలియదు. శనివారం మాత్రం ఆటో తీసుకుని తనే కొట్టుకి వచ్చారు, హైమవతమ్మతో. బావగారూ బావగారూ ఒకరినొకరు కుశలం అడుక్కున్నారు, అంతకు మించి మాట లేదు. ఆటోలో నన్ను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. నేనే లేకపోతే వాళ్ల మోకాళ్లు తగిలేవి.

గేటు దగ్గరికి వెళ్లేసరికి తోపుడుబండితో ఇద్దరు మనుషులు సిద్ధంగా ఉన్నారు. నా కోసమే. నా పేరు, అంటే టీవీ అని, లోపల పలక మీద కూడా రాసి ఉంది. జీవితంలో మొదటిసారి నా కోసం ఎవరో ఎదురుచూశారు. పొద్దున్న చుట్టు ముగించుకున్న చెత్త ఆటోలు వరసగా ఆగి ఉన్నాయి. నన్ను దించుతుంటే ఒక డ్రైవరు నా వీపు చూసి పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. కిటికీలో అమ్మాయి కూడా రేకు చదివింది.

"దక్షిణామూర్తిగారి పేరున ఉందండి స్లాటు. ఇది గ్రూపులో వచ్చిన గవర్రాజుగారి టీవీ కదండీ?"

గవర్రాజుగారు అవునమ్మా నాదే అనబోయారు. మూర్తిగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు.

ఆ కిటికీ చాలా కిందకి ఉంటుంది. వంగితే గానీ మాట లోపలికి పోదు. ఉద్యోగమంతా జనం ఆయన కిటికీ ముందు అలాగే వంగి మాట్లాడారు. ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని, కొంచెం ఆగి, వంగారు.

"టీవీ నాదమ్మా. ఖాళీ స్థలంలో పెట్టింది నేను. మా బావగారికేం సంబంధం లేదు. ఆ రోజు నీ మీద అరిచి వెళ్లినవాణ్ని నేనే, గుర్తుపట్టే ఉంటావు."

తోపుడుబండి కదలబోయి ఆగింది. గవర్రాజుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. హైమవతమ్మ మాత్రం కొంగు సర్దుకుని, ఆగి ఉన్న ఆటోల వైపు ఒకసారి చూసింది.

"కాస్త గట్టిగా చెప్పండి," అంది. "మైకు బళ్లవాళ్లకి వినపడినట్టు లేదు."

ఆయన నడుం నిటారు చేసి, వాళ్ల వైపు తిరిగారు.

"తప్పు నాదండీ."