కొత్త అల్లుడి కడుపులో నేతిబొట్టు

నేను ఒక నేతిబొట్టును. తెనాలిలో రత్నమాణిక్యమ్మగారి వంటింట్లో పుట్టాను. పుట్టడమంటే మాటలా? పాలై కాగి, పెరుగై తోడుకుని, కవ్వంతో చీవాట్లు తిని, వెన్నై తేలి, చివరికి మునగాకుతో పాటు మరిగి ఈ రంగు తెచ్చుకున్నాను. ఇంత కష్టపడ్డదాన్ని, ఏ సున్నుండలోనో హాయిగా స్థిరపడదామనుకుంటే, కొత్త అల్లుడి విస్తట్లో పడ్డాను.

అల్లుడి పేరు శ్రీవత్స. పెళ్ళయి వారం కాలేదు. మూడు నిద్రలకని అత్తవారింటికి వచ్చాడు. మనిషి మంచివాడే గాని, లోపల ఒక గది ఖాళీ. రాళ్ళు పుట్టాయని నిరుడు డాక్టర్లు అతని పిత్తాశయం తీసేశారు. భార్య హిమజకు పెళ్ళికి ముందే చెప్పాడు. అత్తగారికి మాత్రం చెప్పొద్దని బతిమాలుకున్నాడు. రోగిష్టి అల్లుడు దొరికాడనుకుంటారని భయం!

ఆ ఇంట్లో కొత్త అల్లుడు ఎంత వద్దంటే అంత మొహమాటపడుతున్నాడని లెక్క. బలవంతం చెయ్యకపోతే మర్యాద కాదు.

"చాలండీ అత్తయ్యగారూ," అన్నాడు శ్రీవత్స.

"మొహమాటపడమాకండి బాబూ. కొత్తావకాయలో నెయ్యి లేకపోతే ఎట్లా?" అంటూ ఆవిడ గరిటె వంచేసింది.

"అమ్మా, ఆయన వద్దంటున్నారుగా!"

"నువ్వూరుకోవే! అప్పుడే మొగుడి తరఫున వకాల్తానా?"

ఇంకో గరిటె పడింది.

నాలుక నన్ను తెగ పొగిడింది. పొట్టలో అందరూ రసంలో కలిసిపోతుంటే నేను మాత్రం పైన తేలుతూ కూర్చున్నాను. పొగరు కాదు, మా జాతి లక్షణం. అక్కణ్ణించి తీరిగ్గా చిన్నపేగులోకి దిగాను. మామూలు మనుషుల్లో అయితే, జిడ్డు చుట్టాలు వస్తున్నారని కబురందగానే పిత్తాశయం దాచుకున్న పైత్యరసాన్ని, అదే పసరునంతా కుమ్మరిస్తుంది. ఇక్కడ ఆ సంచే లేదు. కాలేయం చేసింది చేసినట్టు చుక్కచుక్కగా జారవిడుస్తోంది. సన్నధారగా వచ్చే మునిసిపాలిటీ కుళాయి ముందు బిందెలతో నిలబడ్డట్టయింది మా పని.

ముందు చేరాను గనక నాకు పసరు అందింది. అది సబ్బులా నన్ను వేల నలుసులుగా విడగొట్టింది. వెంటనే క్లోమరసం కత్తెరలా వచ్చి ఒక్కో నలుసునూ కత్తిరించింది. తీరా పేగు గోడలోకి చేరాక, అక్కడివాళ్ళు ఆ ముక్కల్నే మళ్ళీ అతికించి పైన ప్రోటీను చొక్కా తొడిగారు. అతికించేదానికి కత్తిరించడం ఎందుకు? ముక్కలైతేనే ఆ గుమ్మంలో పడతాయట! మనుషులు కట్టిన ఆఫీసుల్లోనూ ఇదే తంతు. ఎక్కడ నేర్చుకున్నారో ఇప్పుడర్థమైంది.

వెనకొచ్చిన నా తోబుట్టువులకు పసరు చాలలేదు. వాళ్ళు చెక్కుచెదరకుండా పెద్దపేగు దాకా వెళ్ళి గలాటా మొదలుపెట్టారు. మధ్యాహ్నమంతా శ్రీవత్సకు మంచానికీ బాత్రూముకీ మధ్య ఊరేగింపే.

రత్నమాణిక్యమ్మగారి మొహం పాలిపోయింది. "ఆవకాయే చెడింది. నా చేత్తో కలిపిందే అల్లుణ్ణి మంచాన పడేసింది. ఏడాది ఆవకాయ పోతే పోయింది, పారబోస్తా," అని జాడీ ఎత్తింది.

శ్రీవత్స పొట్ట పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "ఆగండి అత్తయ్యగారూ! ఆవకాయది ఏ తప్పూ లేదు. నాకే పిత్తాశయం లేదు."

"అంటే?"

"నెయ్యీ నూనే అరిగించే పసరు దాచుకునే సంచి. నిరుడు తీసేశారు. కొంచెం కొంచెంగా తింటే ఇబ్బంది లేదు. ఒక్కసారి కుమ్మరిస్తే ఇదీ నా గతి."

ఆవిడ జాడీ దించి అల్లుణ్ణి ఎగాదిగా చూసింది. "ఓస్, ఇంతేనా! నేను పిల్లకి మొగుణ్ణి వెతికాను గాని లోపల సంచులు ఎన్నున్నాయో చూశానా?" తర్వాత కూతురి వైపు తిరిగింది. "తెలిసీ నోరు మూసుక్కూచున్నావుటే, దొంగముఖమా!"

ఆ పూటతో గరిటె అటకెక్కింది. పూటపూటకీ ఓ చెంచా చాలని ఆవిడే తీర్పు చెప్పింది.

ఈలోగా నేను పేగుల్లోంచి కొవ్వును మోసే తెల్లటి శోషరసనాళాల వెంట పైకి పాకి, మెడ దగ్గర రక్తంలో కలిసి, అతని పక్కటెముకల మధ్య ఓ కండరంలో దిగాను. సాయంత్రం దంపతులిద్దరూ మేడ మీద ఎండిన మాగాయ ముక్కలు ఎత్తుతున్నారు. హిమజ మొగుడి చెవిలో ఏదో అంది. ఏమందో చెప్పను. అతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి కాలిన ఇంధనం నేనే. కాస్త ఆవిరీ కాస్త గాలీ అయి, అతని ఊపిరితో పాటు ఆమె మెడ పక్కగా బయటికొచ్చాను.

ఆమె చక్కిలిగింతలతో మెలికలు తిరిగింది. పెట్టింది నేను, పేరు అతనికొచ్చింది.